అద్దెకున్నవాడి పేరు ఏ కాగితంలోనూ ఎందుకు ఉండదు? గోదావరి డెల్టాలో అద్దెకుండేవాళ్లు చెప్పండి

మూడో పోర్షన్, భీమవరం

చాన్నాళ్లుగా మనసులో ఉన్నది ఇవాళ రాసేస్తున్నాను. భీమవరంలో ఒక రొయ్యల మేత షాపులో లెక్కలు రాస్తాను. పెళ్లయిన దగ్గర్నుంచీ అద్దె ఇళ్లే. టీవీలో ఏ పథకం గురించి చెప్పినా, ఏ పన్ను తగ్గిందన్నా మా ఆవిడ అడిగేది ఒక్కటే, "ఇది అద్దెకున్నవాళ్లకి కూడానా?" అని. చాలాసార్లు కాదు. ఒకవేళ అయినా దానికి కావలసిన కాగితం మా ఓనరు బీరువాలో ఉంటుంది.

ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే 3 కిలోవాట్లకి 78,000 సబ్సిడీ అని 2024 నుంచి ఊదరగొడుతున్నారు. డాబా మాది కాదు. చెత్త పన్ను 2024 డిసెంబరు 31తో రద్దయింది. అది కలిపి వసూలు చేసే మెయింటెనెన్స్ మాత్రం రూపాయి తగ్గలేదు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద 25 శాతం సుంకం వేసి, అదే నెల 27న ఇంకో 25 కలిపింది. రొయ్య కొనేవాళ్లు ధర దించేశారు, రైతులు మేత అరువు తీర్చడం వాయిదా వేశారు, షాపులో మా జీతాలు నెల మధ్యకి జరిగాయి. అద్దె మాత్రం అయిదో తారీఖు దాటకూడదు. సుంకాల మీద టీవీల్లో ఎగుమతిదారులు మాట్లాడారు, రైతులు మాట్లాడారు, మాట్లాడాలి కూడా. ఆ చెరువుల మీద బతికే ప్యాకింగ్ ఆడవాళ్లు, ఐసు బండ్ల వాళ్లు, మాలాంటి గుమాస్తాలు, వీళ్లలో ఎక్కువమంది అద్దె గదుల్లోనే ఉంటారు, వాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

అన్నిటికంటే కడుపు మండేది కరెంటు. మా ఇంట్లో మూడు పోర్షన్లు, ఒకటే మీటరు. మేం వాడేదానికి, కట్టేదానికి పొంతన లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

కరెంటోడు

నేను వైరింగ్ పనులు చేస్తాను కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. మన రాష్ట్రంలో ఇళ్లకి స్లాబులు ఇలా ఉన్నాయి: మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆ పైన 9.75. మీ మూడు పోర్షన్లూ తలా 110 యూనిట్లు కాల్చారనుకోండి. విడివిడి మీటర్లుంటే ఒక్కొక్కరికి 349.50, ముగ్గురికీ కలిపి 1,048.50. అదే 330 యూనిట్లు ఒక్క మీటరు మీద పడితే 1,935.75. స్థిర ఛార్జీలు, సర్దుబాటు ఛార్జీలు నేను కలపలేదు, ఇది యూనిట్ల డబ్బు మాత్రమే. వాడకం పెరగలేదు, ఒక్కరు ఎక్కువ ఫ్యాన్ వేయలేదు, మీటరు ఒకటే అయినందుకు నెలకి 887 రూపాయలు ఎక్కువ.

సబ్ మీటరు పెడితే సరిపోతుందని చాలామంది ఓనర్లు అంటారు. అది ఎవరెంత కాల్చారో చెబుతుంది గానీ స్లాబు తగ్గించదు. తగ్గాలంటే విడి సర్వీసు, అంటే పోర్షన్‌కో కనెక్షన్, తీసుకోవాల్సిందే.

మూడో పోర్షన్, భీమవరం

ఈ లెక్క ఎవరూ ఇంత విడమర్చి చెప్పలేదండి. ఇంకో సంగతి కూడా ఉంది. మీ లెక్కలో లాగా 330 అయితే 300 దాటినట్టే. పథకాలకి నెలకి సగటున 300 యూనిట్లు దాటకూడదని నిబంధన. ఆ మీటరుకి ఎవరి ఆధార్ జత అయి ఉంటే వాళ్ల కుటుంబం ధనవంతుల కింద లెక్క. 2025 జూన్‌లో తల్లికి వందనం (చదువుకునే పిల్లల తల్లులకి ఇచ్చే డబ్బు) వేసినప్పుడు మా పక్క పోర్షన్ వాళ్ల పిల్లకి ఈ కారణం చెప్పే ఆపారు. ఆవిడ ఇళ్లల్లో వంట చేస్తుంది. మీటరు చూపించిన యూనిట్లలో ఆవిడవి ఎన్నో ఎవరూ అడగలేదు, సచివాలయంలో కంప్యూటర్ ఏది చూపిస్తే అదే.

తణుకు అక్క

ఓనర్లని ఒక్క గాటన కట్టకండి, నేను ఓనరునే. మా ఆయన పోయాక రెండు పోర్షన్ల అద్దె మీదే నా మందులు, ఇంటి ఖర్చు. 300 యూనిట్ల నిబంధన మాకూ తగులుతుంది, అద్దెకున్నవాళ్లు ఏసీ పెట్టుకుంటే మీటరు నా పేరున ఉంది కాబట్టి నా పింఛను సంగతి ఏమవుతుందోనని టెన్షన్. అందుకే అద్దెకొచ్చేవాళ్ల ఆధార్ ఇచ్చి మీటరుకి జత చేయించుకోమంటాం. దాన్ని దౌర్జన్యం అంటే ఎలా?

ఆస్తి పన్ను కూడా చూడండి. 2021 నుంచి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి విలువ మీద వేస్తున్నారు. ఒక్కసారే పెంచకుండా ఏటా 15 శాతం మించకుండా పెంచుతామన్నారు, పెంచుతూనే ఉన్నారు. నా అద్దె ఏటా 15 శాతం పెరగదు బాబూ. ఖాళీ చేసేటప్పుడు గోడలకి మేకులు, పగిలిన సింకు, కట్టకుండా వదిలేసిన కరెంటు బిల్లు, ఇవన్నీ నేను పడ్డాను.

డ్యూటీ నర్సు, అమలాపురం

అక్కా, మీ బాధ అర్థమైంది. మేకుల సంగతి సరే. ఇల్లు చూపించకముందే "మీరేవిట్లు?" అని, అంటే ఏ కులమని, అడగడం గురించి ఏమంటారు? నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సుని. నైట్ డ్యూటీలు ఉంటాయి కాబట్టి దగ్గర్లో గది కావాలి. ఫోన్‌లో అద్దె, అడ్వాన్సు అన్నీ మాట్లాడుకున్నాక చివర్లో ఆ ప్రశ్న వస్తుంది. చెప్పాక "అయ్యో, పొద్దున్నే ఇంకొకరికి మాటిచ్చేశామమ్మా" అంటారు. టు-లెట్ బోర్డు ఆ తర్వాత కూడా గేటుకి వేలాడుతూనే ఉంటుంది, నేను ఆ వీధిలోంచే డ్యూటీకి వెళ్తాను. వాళ్ల ఇంట్లో ఎవరికైనా ఆయాసం వచ్చి రాత్రి వార్డులో చేరితే సెలైన్ పెట్టేది నేనే, అప్పుడు ఎవరూ అడగరు.

ప్రపంచం మారింది, అంతా ఫోన్‌లోనే అయిపోతోంది అంటారు. అవును, ఇంటి ఫొటోలు ఫోన్‌లో వస్తాయి, అడ్వాన్సు ఫోన్‌లో వేయొచ్చు. ఆ ప్రశ్న కూడా ఇప్పుడు ఫోన్‌లోనే వస్తోంది, అంతే మారింది.

ఇంటి నుంచే పని

నర్సు అక్క చెప్పింది నిజం, హైదరాబాద్‌లో కూడా చూశాను. నేను సాఫ్ట్‌వేర్, రావులపాలెంలో అద్దెకుంటున్నాను. మాలాంటివాళ్లు వచ్చి అద్దెలు పెంచేశారని ఇక్కడ అంటారు, కొంత నిజమే కావచ్చు. ఆదాయపు పన్ను సంగతి చెప్పాలి. పాత పద్ధతిలో ఇంటి అద్దె మినహాయింపు తీసుకోవాలంటే అద్దె ఏడాదికి లక్ష దాటితే ఓనరు పాన్ ఇవ్వాలి. ఏ ఓనరూ ఇవ్వడు, అడిగితే వేరే ఇల్లు చూసుకోమంటాడు. కొత్త పద్ధతిలో ఆ మినహాయింపే లేదు. 12 లక్షల దాకా పన్ను లేదు కాబట్టి నాలాంటివాడికి పర్వాలేదు, నేను ఫిర్యాదు చేయను. కానీ సొంత ఇల్లున్నవాడూ, జీతంలో మూడో వంతు అద్దెకి పోసేవాడూ అక్కడ ఒకే వరుసలో నిలబడ్డారు.

లంకలో పుట్టినోడు

మీరంతా ఇంటి అద్దె గురించి మాట్లాడుతున్నారు. మా నాన్న భూమిని అద్దెకి తీసుకున్నవాడు. కౌలు అంటే అదే కదా. ముమ్మిడివరం వైపు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా చేను ఈనిక దశలో (కంకి బయటికొచ్చే దశ) ఉంది, పొద్దున చూస్తే చాప పరిచినట్టు పడిపోయింది. ఎకరాకి ఇన్ని బస్తాలని భూమిగలవాళ్లకి కొలవాల్సింది మాత్రం పడిపోలేదు. విత్తనం, దమ్ము, ఊడుపు కూలి, ఎరువు అన్నీ నాన్న అప్పు మీద పెట్టాడు.

నష్టం రాయడానికి వచ్చినవాళ్లు ఈ-పంట నమోదులో ఎవరి పేరుందని అడిగారు. సాగుదారు కార్డు కావాలంటే 2019 చట్టం ప్రకారం భూమిగల ఆయన పదకొండు నెలల ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఆయన పెట్టడు. భూమి పోతుందని భయం, బ్యాంకులో ఆయనే ఆ పాసుపుస్తకం మీద పంట రుణం తీసుకుని ఉంటాడు, అది బయటపడుతుందని ఇంకో భయం. పీఎం కిసాన్ భూమి పేరున్నవాళ్లకే. సార్వా (వానాకాలం వరి) చేసేది మేం, దాళ్వా (రెండో పంట) చేసేది మేం. రైతు అని రాయించుకునేది వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న ఆయన.

ధవళేశ్వరం మాస్టారు

బాబూ, ఇది మీ నాన్న దగ్గర మొదలైంది కాదు. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ఆనకట్ట కట్టించాక ఈ డెల్టా మూడు భాగాలూ పచ్చబడ్డాయి, నీళ్లొచ్చిన భూమికి విలువొచ్చింది, విలువొచ్చిన భూమిని సొంతంగా దున్నకుండా కౌలుకిచ్చే అలవాటూ పెరిగింది. కౌలుదారుకి రక్షణ కోసం 1956లోనే ఆంధ్ర ప్రాంతానికి చట్టం చేశారు. ఆ చట్టం వల్ల ఎక్కడ హక్కులు వస్తాయోనని భూమిగలవాళ్లు కాగితం రాయడమే మానేశారు, అంతా నోటిమాట అయిపోయింది. 2011లో రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది, దానికి యజమాని సంతకం అక్కర్లేదు, అయినా బ్యాంకులు అప్పిచ్చింది తక్కువ. 2019 చట్టం మళ్లీ సంతకం దగ్గరకే తెచ్చింది.

అద్దె ఇళ్లకీ ఇదే జరుగుతోంది. ఒప్పందం ఏడాదికి మించితే రిజిస్టరు చేయించాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో ఉంది, మన రాష్ట్రంలో 1999 సవరణతో ఎన్ని నెలల లీజైనా రిజిస్టరు చేయించాల్సిందే. ఆ పాత ఏడాది లెక్కతోనే ఎవరిని అడిగినా పదకొండు నెలలు అంటారు. అది కూడా స్టాంపు కాగితం మీద రాసేవాళ్లు పట్టణంలో కొందరు, మా వైపు అసలు లేరు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బదిలీల మీద తిరిగి ఎన్నో ఇళ్లలో అద్దెకున్నాను, ఒక్క రశీదు కూడా లేదు నా దగ్గర.

రాజమండ్రి బాబాయ్

మాకు ఇంకో రకం బెంగ. 2027లో పుష్కరాలు. 2015 జూలైలో చూశాం, ఘాట్ల దగ్గర గదులు రోజు లెక్కన ఇచ్చారు. మా ఓనరు ఇప్పట్నుంచే అంటున్నాడు, "అప్పటికి ఖాళీ చేస్తే బాగుంటుంది" అని. రోడ్లు వేస్తారు, లైట్లు పెడతారు, ఊరు బాగుపడుతుంది, మంచిదే. బాగుపడిన ఊళ్లో నేనుండలేకపోతే నాకేం లాభం? పిల్లల స్కూలు ఇక్కడే, నా బడ్డీకొట్టు ఇక్కడే. ఇక్కడి నుంచి కడియం వైపు పోతే రోజూ ఆటో ఖర్చు.

ఏటిగట్టు

ఇదంతా పాత ప్రభుత్వం చేసిన నిర్వాకం. సెంటు స్థలాలని చెప్పి పల్లపు చేలల్లో

నిర్వాహకుడు

పై పోస్టులో మిగతా భాగం, దాని కింద వచ్చిన తిట్లు తీసేశాం. రెండు పార్టీల అభిమానులకీ వేరే గది ఉంది. ఇక్కడ అద్దె గురించి, ఇంటి గురించి రాయండి.

మూడో పోర్షన్, భీమవరం

నిర్వాహకులు చేసింది సరైనదే. కానీ స్థలాల సంగతి నేనూ అడగదలుచుకున్నాను, పార్టీ లేకుండా. అప్పుడు పట్టణంలో సెంటు, పల్లెలో సెంటున్నర అన్నారు. ఇప్పుడు పట్టణంలో రెండు, పల్లెలో మూడు అంటున్నారు. సెంట్లు ఎన్నయినా మన డెల్టాలో ముందు అడగాల్సింది ఆ నేల ఎత్తు ఎంతని. వరి పండే పల్లపు నేలని మెరక చేయకుండా పట్టా చేతిలో పెడితే వానాకాలంలో అక్కడికి మోకాళ్ల లోతు నీళ్లలో వెళ్లాలి. అందుకే పట్టా ఉన్నా అద్దె ఇంట్లోనే ఉంటున్న కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. కాగితం మీద వాళ్లు ఇల్లున్నవాళ్లు, కాబట్టి ఇంకే ఇంటి పథకానికీ పనికిరారు.

ఇంకోటి తాగునీళ్లు. ఎండాకాలం కాలువలు కట్టేశాక మునిసిపల్ నీళ్లు తగ్గుతాయి, బోరు వేస్తే చెరువుల పుణ్యమా అని ఉప్పు. సొంత ఇల్లున్నవాళ్లు ఫిల్టర్ బిగించుకుంటారు, సంపు కట్టించుకుంటారు. నేను ఇంకొకరి గోడకి అంత ఖర్చు పెట్టి ఏం చేసుకోను, టిన్నులే కొంటున్నాను. నా జీతం వచ్చేది ఆ చెరువుల మీదే అని నాకు తెలుసు, అయినా ఈ మాట చెప్పకుండా ఉండలేను. నీళ్లు పాడయ్యాక రొయ్య ధర పెరిగినా తగ్గినా మా ఆవిడ టిన్ను కొనాల్సిందే.

యానాం గాలి

మాది గోదావరి ఒడ్డే, పాలన పుదుచ్చేరిది. 2025 నవంబరు 4 నుంచి మా దగ్గర ఓటర్ల జాబితా ప్రత్యేక సవరణ జరిగింది. ఇంటింటికీ ఫారాలు ఇచ్చారు, నింపి ఇవ్వాల్సి వచ్చింది. సొంత ఇంట్లో ఉన్నవాళ్లకి ఏ ఇబ్బందీ లేదు, బీఎల్వో (పోలింగ్ బూత్ అధికారి) వచ్చాడు, ఇచ్చాడు. అద్దెకున్నవాళ్లు ఇల్లు మారితే ఫారం పాత ఇంటికి వెళ్లేది. అక్కడ ఉన్నవాళ్లు "వాళ్లు వెళ్లిపోయారండి" అంటే వలస వెళ్లినట్టు రాసేసుకునే ప్రమాదం ఉండేది. మా అమ్మ దీని కోసం కూలి మానుకుని తిరిగింది. ఇల్లు మారిన ప్రతిసారీ ఫారం 8 ఇచ్చి చిరునామా మార్పించుకోవాలని చదువుకున్నవాళ్లకే గుర్తుండదు.

మా చెల్లి కాకినాడలో పని చేస్తుంది. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల్లో ఉచితం. పక్క సీట్లో కూర్చున్నావిడకి సున్నా టిక్కెట్టు, మా చెల్లి ఆధార్‌లో పుదుచ్చేరి ఉంది కాబట్టి డబ్బు కట్టాలి. సరే, వేరే ప్రభుత్వం, ఒప్పుకుంటాం. యానాం దాటి ఆంధ్రాలోకి అద్దెకెళ్లి చిరునామా మార్చుకుంటే ఉచితం వస్తుంది, అప్పుడు ఇక్కడి ఓటు పోతుంది.

డ్యూటీ నర్సు, అమలాపురం

ఉచిత బస్సు వల్ల నాకు నిజంగా మేలు జరిగింది, అది చెప్పకపోతే తప్పు. అమలాపురంలో ఇల్లు దొరకని నెలల్లో మా ఊరి నుంచి రోజూ వచ్చిపోగలిగాను. ఆయాలు, స్వీపర్లు కూడా అద్దె గదులు ఖాళీ చేసి సొంత ఊళ్లకి వెళ్లిపోయారు కొందరు, బస్సు ఖర్చు లేదు కాబట్టి. కానీ రాత్రి డ్యూటీ దిగేసరికి బస్సు ఉండదు.

అడ్వాన్సు గురించి ఎవరూ రాయలేదు. అడ్వాన్సుగా ఎన్నో నెలల అద్దె అడుగుతారు, ఖాళీ చేసేటప్పుడు సున్నం, పెయింట్ అని సగం కోస్తారు. దీనికి చట్టం లేదా?

ఇంటి నుంచే పని

కేంద్రం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అందులో నివాసాలకి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించకూడదు, రాతపూర్వక ఒప్పందం ఉండాలి, ఓనరు లోపలికి రావాలంటే 24 గంటల ముందు చెప్పాలి, గొడవొచ్చినా నీళ్లు, కరెంటు ఆపకూడదు. ఓనర్లకి కూడా రక్షణ ఉంది తణుకు అక్కా, గడువు అయ్యాక ఖాళీ చేయకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, తర్వాత నాలుగు రెట్లు. కాకపోతే నమూనా అంటే నమూనాయే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే వర్తిస్తుంది. చట్టం సంగతి ఎలా ఉన్నా ఇవే షరతులు మనం ఒప్పందంలో రాసుకోవచ్చు, ఎవరూ వద్దనరు.

లంకలో పుట్టినోడు

ఓనరు సంతకం పెడితేనే కదా అన్నా. మళ్లీ అక్కడికే వచ్చాం.

తణుకు అక్క

నేను పెడతాను. రాత్రి మీరు రాసినవన్నీ చదివాను. ఖాళీ చేయకపోతే రెట్టింపు అద్దె అని కాగితం మీద ఉంటే నాకూ ధైర్యం, ఇప్పటిదాకా భయంతోనే కాగితం రాయలేదు. ఒప్పందం రాస్తే ఇల్లు పోతుందని మా బంధువులే చెప్పారు. మాస్టారు చెప్పిన భూమి సంగతి వింటుంటే ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతోంది. నర్సు అమ్మా, నువ్వడిగిన దానికి కూడా జవాబు చెబుతాను. మా వీధిలో అందరూ అడుగుతారు, నేనూ అడిగాను ఇన్నాళ్లూ. ఇకమీదట ఉద్యోగం ఏమిటి, ఎంతమంది ఉంటారు, ఈ రెండే అడుగుతాను.

కరెంటు తమ్ముడూ, రెండు పోర్షన్లకి విడి సర్వీసు కావాలంటే ఏం కావాలి?

కరెంటోడు

ఇంటి కాగితం లేదా ఆస్తి పన్ను రశీదు, మీ ఆధార్. పోర్షన్లు విడిగా ఉండాలి, విడి వంటగది, విడి ద్వారం చూస్తారు. మెయిన్ నుంచి వైరింగ్ పూర్తిగా వేరు చేయాలి, ఒక పోర్షన్ లైటు ఇంకో పోర్షన్ మీటరు మీద వెలిగితే కుదరదు. వైరింగ్ ఖర్చు ఇల్లుని బట్టి ఉంటుంది, చూడకుండా చెప్పను. అద్దెకున్నవాళ్లు మారినప్పుడల్లా మీటరుకి జత అయిన ఆధార్ సచివాలయంలో మార్పించండి, చాలామంది ఇది మర్చిపోతారు. వెళ్లిపోయినవాళ్ల ఆధార్ పాత మీటరుకే ఉండిపోయి, కొత్తవాళ్లు కాల్చిన యూనిట్లు వాళ్ల నెత్తిన పడ్డ కేసులు చూశాను.

మూడో పోర్షన్, భీమవరం

ఈ చివరి ముక్క ముందే తెలిస్తే వంట చేసే ఆవిడకి చెప్పేవాళ్లం. రేపు ఆవిడతో సచివాలయానికి నేనే వెళ్తున్నాను, పాత ఇంటి మీటరు కూడా ఆవిడ ఆధార్ మీదే ఉందేమో చూస్తాం.

మా ఓనరుకి ఇవ్వడానికి ఒప్పందం రాస్తున్నాను. రెండు నెలల అడ్వాన్సు, విడి మీటరు, అద్దె ముట్టినట్టు నెలనెలా రశీదు, ఏడాదికి ఎంత పెంచాలో ముందే అంకె, ఖాళీ చేయాలంటే ఇద్దరిలో ఎవరైనా రెండు నెలల ముందు చెప్పాలి. వైరింగ్ ఖర్చులో సగం మేం ముగ్గురం పంచుకుంటామని కూడా రాస్తాను, నెలకి 887 మిగిలితే ఎంతో కాలం పట్టదు. పెయింట్ డబ్బు ఎవరు పెట్టుకోవాలో, ఎంతకాలం ఉంటే ఎవరి వంతో గొడవ రాకుండా రాసిన ఒప్పందం ఎవరి దగ్గరైనా ఉంటే పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి.